సున్నం వేసిన రాయి

మా కాలేజీలో బీఏ పురావస్తు శాస్త్రంలో చేరిన పిల్లల్లో దాన్ని కోరి చేరినవాళ్లు తక్కువ. ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అతను చివర్లో ఏదో ఒకటి నొక్కేవాడు, సీటు సరిగ్గా అందులోనే వచ్చేది. మొదటి రోజు క్లాసులో కూర్చొని, "మేడం, గిందుల ఏం చెప్తరు?" అని అమాయకంగా అడిగేవాళ్లు. ఏం చెబుతామో విన్నాక కొందరు వారం తిరక్కుండా గ్రూపు మార్చుకునేవాళ్లు. ఉండిపోయినవాళ్లు మాత్రం మూడేళ్లూ నాతోపాటు ఎండలో మాడారు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక నాకు గుర్తొచ్చే ముఖాలన్నీ వాళ్లవే.

ఈ చదువులో చేరమంటారా అని ఇప్పటికీ పిల్లలు ఫోన్ చేస్తుంటారు. ఉద్యోగాలు ఉంటాయో లేదో అడగమని వెనక నుంచి వాళ్ల అమ్మానాన్నల గొంతు వినిపిస్తుంటుంది. ఉన్నాయి కానీ చాలా తక్కువ అని ఉన్నమాటే చెబుతాను. నిధులు దొరుకుతాయా అని అడిగేవాళ్ల విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు, ఫోన్ పెట్టేస్తాను. ఇక నిజంగా మనసు పడి అడిగేవాళ్లుంటారు చూడండి, వాళ్లకు ఎప్పుడూ ఒకటే సంగతి చెబుతాను. సిలబస్ గురించి కాదు, ఒక రాయి గురించి, దానికి సున్నం వేసిన ఒక తండ్రి గురించి. అందరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

మాది ఖమ్మం దాటి భద్రాచలం వైపు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న డిగ్రీ కాలేజీ. మా సబ్జెక్టుకు ఇద్దరమే. నేనూ, నాకంటే బాగా చిన్నవాడైన ఒక సారూ. ఆయనది వేంసూరు వైపు రైతు కుటుంబం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, పామాయిల్ తోటలున్నాయి. "సొంత చేను దున్నడం చేతగాదు గాని, ఊళ్లోవాళ్ల మట్టి తవ్వడానికి జీతం తీసుకుంటున్నాడు మావాడు" అని వాళ్ల నాన్న ఇప్పటికీ ఆయన్ని ఏడిపిస్తాడు. మనిషి మెత్తన. గొడవ వచ్చేలా ఉందంటే చాలు, అందరికీ సరిపోయే మాట ఒకటి ముందే వెతికి పెట్టుకుంటాడు. ఆ గుణం వల్ల మాకు ఎన్నో పనులు జరిగాయి. నేను చెప్పబోయే రోజున మాత్రం దాదాపు కొంప మునిగింది.

మా గదిలో బీరువా పక్కన గోడకు ఒక పెద్ద ఫోటో ఉండేది. పినపాక అవతల అడవిలో చాలా పాతకాలపు సమాధులున్నాయి. బండలను పెట్టెలా నిలబెట్టి, పైన ఇంకో బండ కప్పి, లోపల చనిపోయినవాళ్లను పెట్టేవాళ్లు. ఊళ్లల్లో వాటిని రాకాసి గుళ్లంటారు. కొన్నింటి పక్కన మనిషి ఎత్తుకు మించిన రాయి ఒకటి నిలబడి ఉంటుంది. పై భాగాన రెండు పక్కలా అడ్డంగా పొడుచుకొచ్చినట్టు చెక్కి ఉంటుంది. చూడగానే ఎవరికైనా శిలువే గుర్తొస్తుంది. పుస్తకాల్లో మావాళ్లు కూడా శిలువ ఆకారపు రాళ్లనే రాస్తారు. అది ఆకారాన్ని బట్టి అన్న మాట, అంతకు మించి అందులో ఏమీ లేదు. ఆ రాళ్లు నిలబెట్టే నాటికి క్రీస్తు ఇంకా పుట్టలేదు. ఆ ఫోటో అలాంటి రాయిదే.

దమ్మపేట నుంచి ఒక అమ్మాయి కంప్యూటర్ చలవ వల్ల మాకు ఇలాగే వచ్చింది. నాలుగు రోజులకే వాళ్ల నాన్న కూడా వచ్చాడు. ఇళ్లకు రంగులు వేసే పెయింటర్. వేళ్ల సందుల్లో, చెవి తమ్మె మీద రంగు చుక్కలు. ఆదివారమైతే తెల్ల చొక్కా వేసుకొని వాళ్ల చర్చిలో ముందు వరుసలో కూర్చునే మనిషి. ఖమ్మంలో ఒక దవాఖానాలో నర్సుగా చేస్తున్న ఆయన వదిన, పిల్లను నర్సింగ్‌లో చేర్పిస్తానని మాటిచ్చిందట. సర్టిఫికెట్లు తీసుకుపోదామని వచ్చాడు.

"తప్పుగ అనుకోకండి మేడం. గీ సదువు సదివితే దీనికేమొస్తది? రాళ్లు మోసుడా?" అన్నాడు మర్యాదగానే.

అమ్మాయి తలుపు దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడింది. అప్పటికి ఆమెకు మా సబ్జెక్టు మీద ప్రేమేమీ పుట్టలేదు. నర్సింగ్ అంటే మాత్రం భయం. నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఆ మాట తండ్రితో చెప్పే ధైర్యం లేదు. నేను బీరువా తాళం తీస్తుంటే ఆయన గోడ మీది ఫోటో దగ్గర ఆగిపోయాడు.

"ఇది యాడిది మేడం?"

"పినపాక అవతల అడవిలోది."

"ఎన్నేండ్లది?"

"రెండు వేల ఏళ్ల పైమాటే."

ఆయన చెప్పులు విడిచి ఫోటోకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "మన పినపాకల" అని తనలో తను అనుకున్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, "ఉండు బిడ్డా. గిదే సదువుకో" అన్నాడు. సర్టిఫికెట్ల మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు. సీటు నిలబడిందని నేనూ మా సారూ సంబరపడ్డాం. ఆ పెద్దమనిషి పైమాటను అక్కడే వదిలేసి రెండు వేలు మాత్రం పట్టుకుపోయాడని మాకేం తెలుసు.

అమ్మాయి చేయి మంచి నిలకడైన చేయి. మా చదువులో సగం పని గీయడమే. దొరికిన కుండపెంకును అన్ని వైపులా కొలిచి, గ్రాఫు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు దించాలి. మిగతా పిల్లలు గీస్తే అది అప్పడంలా వచ్చేది, ఈమె గీస్తే కుండ తిరిగి లేచి కూర్చున్నట్టుండేది. ఒకరోజు పెంకు లోపలి వైపు చూపించి, "మేడం, ఇక్కడ బొటనవేలు ఎంత గట్టిగ నొక్కిండో చూడండి. ఆ రోజు ఎవరి మీదనో కోపంగ ఉండొచ్చు" అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పిల్లకు చదువు అంటుకుందని మాకు తెలిసేది ఇలాంటప్పుడే, మార్కుల్లో కాదు.

ఇంటి దగ్గర సంగతి ఆమె నాకు తర్వాతెప్పుడో చెప్పింది. వాళ్ల నాన్న ఆ వారమే చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడట. మన ఏసయ్య శిష్యులు పినపాక అడవి దాకా వచ్చారనీ, వాళ్లు నిలబెట్టిన శిలువ ఇప్పటికీ ఉందనీ, తన బిడ్డ దాని గురించే చదువుతోందనీ. అప్పటి నుంచి ఊళ్లో ఆమె హోదా మారిపోయింది. ఆదివారం పెద్దవాళ్లు దగ్గరికి పిలిచి, "పని ఏడిదాంక వచ్చింది బిడ్డా" అని అడిగేవాళ్లు. అది క్రీస్తు కంటే ముందుదని మొదటి సంవత్సరంలోనే ఆమెకు తెలుసు. కానీ తన సీటు నిలబడిందే ఆ శిలువ మీద. చెబితే మళ్లీ నర్సింగే. పండుగ పోనీ, పరీక్షలు కానీ అని వాయిదా వేస్తూ వచ్చింది. మనలో ఎవరమైనా అదే చేసేవాళ్లం.

రెండో ఏడు ఎండాకాలంలో క్యాంపు పెట్టాం. ఫీల్డు పని చేసి రిపోర్టు ఇవ్వకపోతే పాస్ కారు. పినపాక దాటాక ఒక చిన్న ఊళ్లో ఖాళీగా పడి ఉన్న హాస్టల్ బిల్డింగులో దిగాం. చుట్టుపక్కల గూడేల్లో మాట్లాడేది కోయ, మాకు నమస్కారం తప్ప ఇంకేం రాదు. రోజూ పొద్దున్నే అడవిలోకి నడిచిపోయి, రాళ్ల చుట్టూ పొదలు కొట్టి, కొలతలు తీసి, బొమ్మలు గీయడమే పని. పిల్లకో రాయి అప్పగించాం. మా ఫోటోలోని రాయిని ఆ అమ్మాయే అడిగి తీసుకుంది.

పని చేసుకోవడానికి అనుమతి ఇచ్చింది పురావస్తు శాఖ అధికారి ఒకాయన. చండశాసనుడు. తిట్టబోయే ముందు కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు, దాన్ని బట్టి మేం సర్దుకొని నిలబడేవాళ్లం. పని బాగా చేస్తే చలికాలంలో తమ అసలు తవ్వకాల్లోకి మా పిల్లల్ని తీసుకుంటానన్నాడు. డిగ్రీ పిల్లలకు అలాంటి అవకాశం ఎవరూ ఇవ్వరు. "రాయి మీద గోరు గీత పడినా అందరినీ ఇంటికి పంపిస్తాను" అని కూడా అన్నాడు. సోమవారం వచ్చి చూస్తానన్నాడు.

ఆ సోమవారానికి ముందు ఈస్టర్ వచ్చింది. క్యాంపుకు సెలవిచ్చి అందరం ఇళ్లకు పోయాం. మా వైపు క్రైస్తవుల్లో ఈస్టర్ ముందు సమాధులకు సున్నాలు వేసుకునే అలవాటుంది. గడ్డి పీకి, సున్నం కొట్టి, పండుగ నాడు పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్లను మర్చిపోలేదని చెప్పుకునే పద్ధతి అది. నాకు చాలా ఇష్టం.

సోమవారం పొద్దున అధికారితో కలిసి అడవిలోకి నడిచాం. దారంతా ఇప్పపూలు రాలి ఉన్నాయి. మా ముందు నడుస్తున్న పిల్లల్లో ఒకడు ఆగి, "మేడం, ఎవరో అంగీ ఆరేసిండ్రు" అన్నాడు. చెట్ల సందుల్లోంచి తెల్లగా ఏదో మెరుస్తోంది. ఇంకొంచెం దగ్గరికి పోయాక అది అంగీ కాదని తెలిసింది.

రాయికి పైనుంచి కింద దాకా సున్నం వేసి ఉంది. హడావుడిగా పూసిన సున్నం కాదు. రెండు పూతల పని, ఎక్కడా కారలేదు, ఎక్కడా మరక లేదు. అడుగున జానెడు మేర నీలం అంచు కూడా తీర్చారు. మెడలో బంతిపూల దండ, ముందు కరిగిపోయిన కొవ్వొత్తులు, ఆ మైనం మీద చీమలు. నా ఉద్యోగ జీవితంలో రాళ్ల మీద పేర్లు చెక్కినవాళ్లను చూశాను, నిధి కోసం పగలగొట్టినవాళ్లను చూశాను. ఇంత ప్రేమగా పాడుచేసినవాళ్లను ఎప్పుడూ చూడలేదు.

అధికారి కళ్లద్దాలు తీశాడు. తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. తిట్టు మాత్రం రాలేదు. దాంతో మాకు ఇంకా భయం వేసింది.

"ముందు ఫోటోలు తీయండి. ఏదీ ముట్టుకోవద్దు" అన్నాడు చివరికి.

మా పద్ధతి ప్రకారం ఫోటో తీసేటప్పుడు పక్కన కొలకర్ర, పలక పట్టుకొని ఒకరు నిలబడాలి. అది ఎవరి రాయి అయితే వాళ్ల పని. అమ్మాయి పలక మీద తేదీ రాసింది. పక్కన నిలబడింది, ముఖంలో చుక్క నెత్తురు లేదు. నాకు అప్పటికే అర్థమైపోయింది.

మా సారుకు కూడా అర్థమై ఉంటుంది. గొంతు సవరించుకొని, "ఎవరో ఆకతాయిల పని అయ్యుంటుంది సార్. గుర్తు తెలియని వ్యక్తులని స్టేషన్‌లో ఒక ఫిర్యాదు ఇచ్చేస్తే మనకూ ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆ పిల్లను కాపాడదామనే అన్నాడు పాపం. ఫిర్యాదు ఇస్తే పోలీసులు ఊరుకుంటారా, గూడెంలో ఎవరిని అడిగినా సున్నం బకెట్‌తో వచ్చినాయన గురించి చెబుతారు కదా అన్నది ఆయనకు తట్టలేదు.

అమ్మాయి పలక కింద పెట్టింది. "గుర్తు తెలుసు సార్. మా నాన్న."

అధికారి ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. "నీకెట్లా తెలుసు?"

"నీలం అంచు చూడండి సార్. మా నానమ్మ సమాధికి గూడ గట్లనే ఏస్తడు. శనివారం బకెట్ బండికి కట్టుకొని పోతుంటే సమాధుల తోటకనుకున్న. సీకటి పడ్డంక గాని ఇంటికి రాలే."

దమ్మపేట నుంచి అక్కడికి సగం జిల్లా దాటి రావాలి. ఆ ఎండలో బైకు మీద సున్నం బకెట్ కట్టుకొని అంత దూరం వచ్చి, ఇంత పని చేసి, ఎవరితోనూ చెప్పకుండా తిరిగి పోయాడు.

"కారణం ఏదైనా కేసు కేసే" అన్నాడు అధికారి. "ఈ అమ్మాయి ఇక క్యాంపులో ఉండడానికి వీల్లేదు."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే గొంతు చిన్నదవుతుంది, పెద్దది కాదు. "రాయికి దెబ్బ తగిలిందో లేదో ముందు చూద్దాం సార్. ఎవరిని పంపాలో తర్వాత చూసుకుందాం. నిజం చెప్పినందుకు పిల్లను పంపిస్తే, రేపటి నుంచి నేను క్లాసులో ఏం చెప్పాలి?"

ఆయన మోకాళ్ల మీద కూర్చొని రాయి అడుగున రెండు వేళ్ల మేర నీళ్లతో తడిపి, మెత్తని బ్రష్షుతో రుద్దాడు. సున్నం పచ్చిగానే ఉంది, వదిలింది. కింద ఇసుకరాయి ఎర్రగా కనిపించింది. లేచి చేతులు దులుపుకొని, "కడిగితే పోతే హెచ్చరికతో సరిపెడతాను. పోకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. కింద నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పైకి రావాలి. గట్టిగా రుద్దొద్దు" అన్నాడు. పిల్లలు బిందెలు తీసుకొని వాగుకు పరిగెత్తారు.

సరిగ్గా అప్పుడే బండి బాటలో డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. వెనక సామాన్లు వేసే చోట పండుగ బట్టల్లో జనం, డోలక్, పులిహోర డబ్బాలు. సంఘమంతా వచ్చినట్టుంది. ముందు సీట్లోంచి తెల్ల చొక్కాలో ఆయన దిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూసిండ్రా మేడం? పండుగకు మన శిలువ ఎట్ల మెరుస్తుందో. బిడ్డకు గూడ చెప్పలే, చూసి సంబరపడ్తదని."

అధికారి ముందుకు అడుగు వేయబోయాడు. ఆయన కంటే ముందు అమ్మాయి వెళ్లింది.

"నాన్నా, ఇది మనోళ్లది గాదు."

"ఏంది?"

"ఏసయ్య పుట్టకముందుది. ఎంతో ముందుది. శిష్యులు నిలబెట్టింది గాదు."

ఆయన నావైపు చూశాడు. "రెండు వేల ఏండ్లని మీరే చెప్తిరి గద మేడం."

"పైమాటే అన్నాను" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

జనం డీసీఎంలోంచి సగం దిగి సగం దిగకుండా ఆగిపోయారు. వాళ్ల చర్చి అయ్యగారు బైబిలు చంకలో పెట్టుకొని వింటున్నాడు. తండ్రి కూతురికి మాత్రమే వినబడేలా అడిగాడు గాని, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

"మొదటి సంవత్సరం నుంచి."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే మాన్పిస్తవని."

కొన్ని మాటలు విన్నాక మనిషి ఉన్నచోటే చిన్నవాడైపోవడం చూస్తాం కదా, ఆయన అలా అయిపోయాడు. తన అబద్ధం కాదు, తన మోసం కాదు. నమ్మి చెప్పిన మాట. దాన్ని రెండేళ్లుగా మోస్తూ తిరిగాడు, బిడ్డ పక్కనే నడుస్తూ చూస్తూ ఊరుకుంది. నాకు ఇద్దరి మీదా జాలి కలిగింది.

జనంలోంచి ఒక పెద్దావిడ ముందుకొచ్చింది. "మనది గాకపోతే మరి శిలువ లెక్క ఎందుకు చెక్కిండ్రు బిడ్డా?" అని అడిగింది. ఎగతాళి లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

అమ్మాయి రాయి వైపు తిరిగింది. పరీక్షలో వైవా అడిగినప్పుడు కూడా ఆమె అంత నెమ్మదిగా చెప్పడం నేను చూడలేదు.

"శిలువ గాదనిపిస్తది అమ్మమ్మా. మనిషి. పైనున్నది తల. అటు ఇటు ఉన్నయి భుజాలు. వాగు అవతల ఇంకో రాయి ఉంది, తల భుజాలు గిట్లనే ఉంటయి, దానికి రొమ్ములు గూడ చెక్కిండ్రు. అది ఆడమనిషి. ఇది ఎవరో తెల్వదు. కింద రాతి పెట్టెల పండుకోబెట్టి, పైన నిలబెట్టుకున్నరు. ఖాయంగ ఎవ్వరికీ తెల్వదు, నాకైతే గట్ల అనిపిస్తది."

"అంటే ఇది గూడ సమాధేనా?"

"అవ్. ఎవరో ఏడ్సుకుంట నిలబెట్టిందే."

అధికారి కళ్లద్దాలు తీస్తాడేమోనని చూశాను. తీయలేదు. తెలియనిది తెలియదని, అనిపించింది అనిపించిందని చెప్పడం మా చదువులో మొదటి పాఠం, చాలామందికి చివరి దాకా రాదు. ఆమెకు వచ్చింది. ఇంకెప్పుడైనా అయితే నేను చప్పట్లు కొట్టేదాన్ని.

అయ్యగారు తెలివైనవాడు. "దేవుడు ఈ అడవిని గూడ చేసిండు. నీడన కూసోని ప్రార్థన చేసుకొని పోదాం పదండి" అని అందరినీ చెట్ల కిందికి నడిపించాడు. తండ్రి వాళ్లతో పోలేదు. డీసీఎం మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి కూతుర్ని పిలిచాడు.

"సామాన్లు సదురుకో. పోదాం. పెద్దమ్మతోటి మాట్లాడ్త, ఈ ఏడు నర్సింగ్‌ల చేరుదువు. గీ సదువు మనకొద్దు."

గొంతులో కోపం లేదు. అదే నాకు దిగులు పుట్టించింది. కోపమైతే చల్లారుతుందని ఆగుతాం, తెగిపోయిన మనసును ఏం చేస్తాం. నేను ఏదో చెప్పబోతే ఆమె చేత్తో వద్దని సైగ చేసింది.

"ఇది కడిగి వస్త నాన్నా" అంది. అంతకు మించి వాదించలేదు.

నీళ్లొచ్చాయి. ఆమె నేల మీద కూర్చొని అడుగున నీలం అంచు దగ్గర మొదలుపెట్టింది. చిన్న చెంబుతో నీళ్లు పోయడం, బ్రష్షుతో మెల్లగా రుద్దడం, మళ్లీ పోయడం. పిల్లలు బిందెలు మోశారు. మా సారు ప్యాంటు మడిచి బురదలో దిగాడు, వేంసూరులో ఉన్న వాళ్ల నాన్న చూస్తే ఎంత సంతోషపడేవాడో. చెట్ల కింద నుంచి సన్నగా పాట వినిపిస్తోంది. సున్నం తెల్లగా కారి నేలలోకి ఇంకుతోంది. రాయి నడుము దాకా బయటపడేసరికి అధికారి వచ్చి వేలితో తడిమి చూశాడు. "సందుల్లో కొంచెం ఉండిపోతుంది. అది వానలకు పోవాల్సిందే. కేసు అక్కర్లేదు" అన్నాడు. తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "చలికాలం తవ్వకాలకు ఈ అమ్మాయి పేరు మొదట రాయండి" అని నాతో అన్నాడు.

ఆ మాట ఆమెకు వినిపించింది. బ్రష్షు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ కదిలింది. పేరు రాయడం నా చేతిలో ఉంది, పంపడం నా చేతిలో లేదు. డీసీఎం మెట్టు మీద కూర్చున్నాయన చేతిలో ఉంది.

ఆయన అంతసేపూ చూస్తూనే ఉన్నాడు. తాను తీర్చిన అంచు కరిగిపోవడం చూశాడు, తాను వేసిన దండను మా పిల్లలు తీసి జాగ్రత్తగా పక్కన బండ మీద పెట్టడం చూశాడు. పాట ఆగింది. జనం పులిహోర డబ్బాలు సర్దుకొని బండెక్కారు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన లేచి చొక్కా చేతులు మడుచుకుంటూ మావైపు నడిచొచ్చాడు. కూతుర్ని తీసుకుపోవడానికే అనుకున్నాం అందరం. ఆమె కూడా అదే అనుకుంది. భుజాల కింద ఇంకా తెల్లగా ఉన్నచోట గబగబా నీళ్లు పోస్తూ, "ఒక్క నిమిషం నాన్నా, అయిపోయింది" అంది తల తిప్పకుండా.

ఆయన ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. బిందెలో ముంచి నిండుగా తీశాడు. మునివేళ్ల మీద లేచి, చేయి ఎంత ఎత్తుకు అందితే అంత ఎత్తు నుంచి రాయి తల మీద నెమ్మదిగా పోశాడు. కింద నుంచి కడగాలని చెప్పిన అధికారి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

"తల మీదికెల్లి పొయ్యాలె బిడ్డా" అన్నాడు ఆయన. "మనిషన్నవు గద."

డీసీఎం ఆయన లేకుండానే వెళ్లిపోయింది. సాయంత్రం బస్సు దాకా మాతోనే ఉండి నీళ్లు పోశాడు. సామాన్లు సర్దుకోమన్న మాట మళ్లీ ఎత్తలేదు.